అమెరికాలో మీరున్న ప్రాంతం చరిత్రను పిల్లలతో కలిసి కథల పుస్తకాల్లో చదవడం ఎలా?

"మా పాపకి నాలుగో క్లాసు. స్కూల్లో రాష్ట్ర చరిత్ర మొదలుపెట్టారు. ఏ పుస్తకాలు కొనమంటారు?" స్కూళ్లు తెరిచే రోజుల్లో ఏటా నాకు ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది మాలాగే ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చినవాళ్లు. రుద్రమదేవి గురించి అడిగితే పిల్లలకి నాలుగు మాటలు చెప్పగలం. ఇప్పుడుంటున్న ఊళ్లో వందేళ్ల కిందట ఎవరుండేవారో మనకూ తెలియదు.

మొదట్లో అడిగినవాళ్లందరికీ పుస్తకాల జాబితా పంపేదాన్ని. అవి కొన్నారు, చాలా ఇళ్లలో అలమరలోనే ఉండిపోయాయి. అందుకే ఈసారి జాబితా కాకుండా పద్ధతి రాస్తున్నాను. మేం మసాచుసెట్స్‌లో ఉంటాం కాబట్టి ప్రధాన ఉదాహరణ ఇక్కడిదే. మీ రాష్ట్రానికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు చోటు, తర్వాతే పుస్తకం

"అమెరికా చరిత్ర పిల్లల పుస్తకాలు" అని వెతికితే వాషింగ్టన్, లింకన్ వస్తారు. వాళ్లు స్కూల్లో ఎలాగూ వస్తారు. మనం వెతకాల్సింది మన ఇంటి నుంచి కారులో గంట, గంటన్నర దూరంలో జరిగిన కథ. పిల్లలు తమ కళ్లతో చూసే నది గురించి చదివితే ఆ పుస్తకం వదలరు.

పుస్తకం వెతికేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- దగ్గర్లోని నది, సరస్సు లేదా కొండ పేరు
- ఒకప్పుడు ఇక్కడి జనాన్ని బతికించిన పని: పంట, మిల్లు, గని, రైలు, చేపల వేట, ఏదైనా
- అందరికంటే ముందు ఈ నేల మీద ఉన్న మూలవాసుల జాతి పేరు
- స్కూల్లో రాష్ట్ర చరిత్ర ఏ తరగతిలో, ఏ నెలలో వస్తుందో

చివరిది టీచర్‌ని అడగాలి. కాలిఫోర్నియాలో నాలుగో తరగతి. టెక్సస్‌లో నాలుగులో ఒకసారి, ఏడులో మళ్లీ. మసాచుసెట్స్‌లో మూడో తరగతి. స్కూల్లో పాఠం మొదలవడానికి ఓ నెల ముందే ఇంట్లో కథ చదివితే పిల్లలకి క్లాసులో నోరు విప్పే ధైర్యం వస్తుంది.

మా కాగితం మీద తేలినది నీళ్లు. బోస్టన్‌కి తాగునీరు క్వాబిన్ జలాశయం నుంచి వస్తుంది. దానికోసం స్విఫ్ట్ నది లోయలోని డేనా, ఎన్‌ఫీల్డ్, గ్రీన్‌విచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్లను ఖాళీ చేయించి, 1938 ఏప్రిల్ 28న చట్టప్రకారం రద్దు చేశారు. సుమారు 2,500 మంది ఇళ్లు వదిలి వెళ్లారు. 7,500కి పైగా సమాధులను తవ్వి వేరే చోటికి మార్చారు. 1946కి జలాశయం నిండింది. దీని మీద జేన్ యోలెన్ రాసి, బార్బరా కూనీ బొమ్మలు వేసిన 'లెటింగ్ స్విఫ్ట్ రివర్ గో' అనే పుస్తకం 1992లో వచ్చింది. మేం మొదలుపెట్టింది దానితోనే.

2. లైబ్రరీలో ఎక్కడ వెతకాలి

కొనడం తర్వాత. ముందు లైబ్రరీకి వెళ్లండి.

పిల్లల విభాగంలో సమాచార పుస్తకాలు నంబర్ల వారీగా ఉంటాయి. 974 ఈశాన్య రాష్ట్రాలు, 975 ఆగ్నేయం, 976 టెక్సస్, లూసియానా వైపు, 977 గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల, 978 మైదానాలు, రాకీ పర్వతాలు, 979 పశ్చిమ తీరం. చుక్క తర్వాతి అంకె రాష్ట్రాన్ని చెబుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కొన్ని: న్యూజెర్సీ 974.9, జార్జియా 975.8, టెక్సస్ 976.4, ఇలినాయ్ 977.3, కాలిఫోర్నియా 979.4, వాషింగ్టన్ రాష్ట్రం 979.7.

కథల పుస్తకాలు ఆ అరల్లో దొరకవు. అవి రచయిత ఇంటిపేరు వరసలో ఉంటాయి కాబట్టి కేటలాగ్‌లో వెతకాలి. రాష్ట్రం పేరు కొట్టి, పక్కన 'జువెనైల్ ఫిక్షన్' అని చేర్చండి. 'జువెనైల్ లిటరేచర్' అని కనిపిస్తే అది సమాచార పుస్తకం. లిటరేచర్ అన్నారు కదా, కథలే అయుంటాయని నేను రెండుసార్లు పొరపడ్డాను.

పిల్లల విభాగం లైబ్రేరియన్‌ని అడిగేటప్పుడు "చరిత్ర పుస్తకాలు ఉన్నాయా?" అని అడగొద్దు. "ఏడేళ్ల పాపకి, మన చుట్టుపక్కల ప్రాంతం మీద ఒక కథ, ఒక సమాచార పుస్తకం కావాలి" అనండి. వాళ్లు కుర్చీలోంచి లేచి మీతోపాటు అర దగ్గరికి వస్తారు. అక్కడ లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు, రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

అవార్డు స్టికర్ల విషయంలో ఒక జాగ్రత్త. న్యూబెరీ పతకం 14 ఏళ్ల వరకు ఉన్న పిల్లల పుస్తకాలకి ఇస్తారు. బంగారు స్టికర్ ఉందని ఎనిమిదేళ్ల వాడికి ఇస్తే లోపల చావులు, హింస ఉండొచ్చు. చారిత్రక కథలకే ప్రత్యేకంగా స్కాట్ ఓడెల్ అవార్డు ఉంది. పాత విజేతల జాబితా చూస్తే మీ ప్రాంతపు కథ తగిలే అవకాశం బాగా ఉంటుంది.

3. చదివించే ముందు పదిహేను నిమిషాల పరీక్ష

ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడతారు. పుస్తకాన్ని పిల్లల చేతికి ఇచ్చేముందు మీరు ఒక్కరే కూర్చుని వెనక నుంచి తిప్పండి.

- వెనక రచయిత మాట ఉందా? ఏది నిజం, ఏది కల్పన అని అందులో చెప్పారా?
- కాపీరైట్ పేజీలో మొదటి ప్రచురణ ఏ సంవత్సరం?
- మ్యాప్ ఉందా? ఊరి పేరు నిజమైనదేనా?
- మూలవాసులు కనిపిస్తే వాళ్లకి జాతి పేరు, మనిషి పేరు ఉన్నాయా, లేక గుంపుగానే ఉన్నారా?
- నల్లవాళ్లు, వలసకూలీలు ఉన్న ప్రాంతమైతే కథలో వాళ్లున్నారా?
- మధ్యలో ఏవైనా రెండు పేజీలు పైకి చదివితే మీ నాలుక తిరుగుతోందా?

సంవత్సరం ఎందుకు చూడమన్నానో చెబుతాను. కాన్సస్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న తెల్లవాళ్ల కుటుంబం కథ 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' 1935లో వచ్చింది. అక్కడ మనుషులే లేరు, ఇండియన్లు (అంటే అక్కడి మూలవాసులు) మాత్రమే ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం అందులో ఉండేది. ఇండియన్లు మనుషులు కారా అని ఒక పాఠకురాలు ఉత్తరం రాశాక, 1953 ముద్రణలో 'మనుషులు' అన్నచోట 'స్థిరపడినవాళ్లు' అని మార్చారు. ఆ కుటుంబం ఇల్లు కట్టుకున్న కాన్సస్ నేల కథ జరిగిన కాలానికి చట్టప్రకారం ఓసేజ్ అనే మూలవాసుల జాతిది. ఈ పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వొద్దని నేను అనను. ఇల్లు కట్టడం, బావి తవ్వడం అంత వివరంగా రాసిన పిల్లల పుస్తకాలు తక్కువ. కానీ ఆ నేల ఎవరిదో తెలియకుండా చదివించకూడదు.

4. ఒక్క పుస్తకం వద్దు, జోడీ కావాలి

ఒకే చోటు, ఇద్దరి కళ్లతో. నా మట్టుకు ఈ మార్గదర్శి మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే.

విస్కాన్సిన్ తీసుకుందాం. 'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్' అక్కడి పెపిన్ దగ్గరి అడవిలో స్థిరపడిన కుటుంబం కథ. లూయీస్ ఎర్డ్రిక్ రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్' 1847లో లేక్ సుపీరియర్‌లోని ఒక దీవిలో ఉన్న ఒజిబ్వే బాలిక ఒమకాయాస్ కథ. రచయిత్రి కూడా ఒజిబ్వే మూలాలున్న మనిషే. రెండు పుస్తకాల్లోనూ మేపుల్ చెట్ల నుంచి నీరు దించి చక్కెర కాచే ఘట్టం ఉంది. ఆ రెండు ఘట్టాలనూ ఒకే వారంలో చదవండి. సుమారు 40 గ్యాలన్ల చెట్టు నీటిని కాస్తే ఒక గ్యాలన్ పాకం వస్తుంది. బెల్లం వండే పెనం చూసిన తాతయ్య ఇంట్లో ఉంటే ఆ లెక్క పిల్లలకి ఆయనే చెప్పగలడు.

ఇద్దరూ విస్కాన్సిన్ అడవుల్లోనే, అదే రకం చెట్ల నుంచి చక్కెర తీస్తున్నారు. మరి మొదటి పుస్తకంలో రెండోవాళ్లు ఎందుకు లేరు? ఈ ప్రశ్న మా చిన్నది తనే అడిగింది. నేను అడగలేదు.

జోడీ దొరకకపోతే కథకి తోడుగా ఒక సమాచార పుస్తకం, లేదా ఆ కాలపు ఫొటోలు పెట్టుకోండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో 1930ల నాటి రైతుల, కూలీల ఫొటోలు వేలల్లో ఉచితంగా ఉన్నాయి.

5. 'ఇండియన్' అనే మాట ముందే తేల్చండి

మన పిల్లలకి ఇది ప్రత్యేకమైన చిక్కు. పాత పుస్తకాల్లో 'ఇండియన్' అని చదివి, "మనమా?" అని అడుగుతారు. క్లాసులో ఎవరో నవ్వితే ఇంటికొచ్చి ఏడుస్తారు. చదవడం మొదలుపెట్టకముందే చెప్పేయండి: యూరప్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు ఇండియా చేరామనుకుని ఇక్కడివాళ్లకి ఆ పేరు పెట్టారు, అది పొరపాటు, వాళ్లకి వాళ్ల సొంత పేర్లున్నాయి. ఆ తర్వాత ఎప్పుడూ జాతి పేరే వాడండి. ఓసేజ్, ఒజిబ్వే, నిప్‌మక్. 'క్వాబిన్' కూడా నిప్‌మక్ మాటే, చాలా నీళ్లున్న చోటు అని అర్థం.

6. చదివే క్రమం

బొమ్మల పుస్తకమైతే మూడు రోజులు పెట్టుకోండి.

మొదటి రోజు బొమ్మలే. చదవొద్దు. పేజీలు తిప్పుతూ, ఏం జరుగుతోందో పిల్లల్నే చెప్పనివ్వండి. 'లెటింగ్ స్విఫ్ట్ రివర్ గో'లో మొదట పచ్చటి లోయ, ఇళ్లు, బడి ఉంటాయి. పోనుపోను చెట్లు పోతాయి, ఇళ్లు పోతాయి, చివరికి నీళ్లు మిగులుతాయి. అక్షరం చదవకుండానే పిల్లలకి విషయం సగం తెలిసిపోతుంది.

రెండో రోజు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా పైకి చదవండి. మధ్యలో అర్థాలు చెప్పడం, తేదీలు చెప్పడం వద్దు. ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో మాట్లాడుకోవడం మా ఇంట్లో బాగా కుదిరింది.

మూడో రోజు మ్యాప్. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 'టోపోవ్యూ' అనే వెబ్‌సైట్‌లో పాత మ్యాపులు ఉచితంగా పెట్టింది. 1880ల నాటివి కూడా ఉన్నాయి. మీ ఊరి పాత మ్యాప్, ఇప్పటి మ్యాప్ పక్కపక్కన ప్రింట్ తీయండి. మా పిల్లలు పాతదాంట్లో ఎన్‌ఫీల్డ్ వీధులు, లోయ వెంట వెళ్లే రైలు పట్టాలు వేలితో గీసుకుంటూ వెళ్లి, కొత్తదాంట్లో వేలు నీళ్లలో పడగానే ఆగిపోయారు.

పెద్ద నవల అయితే రోజుకి ఇరవై నిమిషాలు, పడుకునే ముందు. మొదటి రెండు అధ్యాయాలు మీరే చదవండి, ఎందుకంటే పాత కాలపు పరికరాలు, బళ్లు, దుస్తుల పేర్లన్నీ అక్కడే వచ్చి పడతాయి. పిల్లలు పుస్తకం వదిలేసేదీ అక్కడే. మూడో అధ్యాయం నుంచి వంతులు వేసుకోవచ్చు.

7. మూడు గడుల నోట్‌బుక్

కథ పూర్తయ్యాక ఒక పేజీని మూడు గడులుగా గీయించండి: నిజంగా జరిగింది, రచయిత ఊహించింది, ఇంకా తెలుసుకోవాల్సింది. ఒక్కో గడిలో రెండు మూడు వాక్యాలు చాలు.

క్వాబిన్ కథకి మా పెద్దది రాసింది ఇది. నిజం: నాలుగు ఊళ్లు, సమాధులు మార్చడం. ఊహ: కథ చెప్పే శాలీ జేన్. తెలుసుకోవాల్సింది: కుక్కల్ని, పిల్లుల్ని ఎక్కడికి తీసుకెళ్లారు? మూడో గడి ఖాళీగా ఉంటే పుస్తకం పిల్లల్లోకి వెళ్లలేదని అర్థం. అప్పుడు రాయమని ఒత్తిడి చేయొద్దు, ఇంకోసారి చదవండి.

8. ఆ చోటికి వెళ్లడం

పుస్తకం చదవకముందు వెళ్తే అది పిక్నిక్ అయిపోతుంది. చదివిన రెండు వారాల్లోపు వెళ్లండి.

మేం డేనా ఊరి కూడలికి వెళ్లాం. పీటర్‌షామ్ వైపు 40వ గేటు దగ్గర కారు ఆపి, పాత తారు రోడ్డు మీద దాదాపు రెండు మైళ్లు నడవాలి. కొంచెం ఎత్తులో ఉండడంతో ఆ కూడలి మునగలేదు, కానీ ఇళ్లు తీసేశారు. ఇప్పుడు అక్కడ గడ్డి మైదానం, గుర్తుగా ఒక రాయి, ఇళ్ల కింది నేలమాళిగల రాతి గోతులు ఉన్నాయి. చిన్నది ఒక గోతి అంచున కూర్చుని పుస్తకం తెరిచింది. ఒక బొమ్మలోని ఇంటికి మెట్లు లెక్కపెట్టి, ఇక్కడ మిగిలిన మెట్లు లెక్కపెట్టింది. లెక్క కుదరలేదు. అయినా అదే ఇల్లని పట్టుబట్టింది.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి:

- పుస్తకం, పాత మ్యాప్ ప్రింట్, పెన్సిల్
- ఆ చోటి నియమాలు (క్వాబిన్ తాగునీరు కాబట్టి ఈత కొట్టకూడదు, కుక్కల్ని తీసుకెళ్లకూడదు)
- నడవాల్సిన దూరం, పిల్లలకి నీళ్లు, తినడానికి ఏదైనా
- పురుగులు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు, పొడవు ప్యాంట్లు (ఈశాన్యంలో టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులు ఎక్కువ)
- పుస్తకంలోంచి వెతకాల్సిన వస్తువులు మూడే మూడు

దూరమైతే మీ ఊరి చారిత్రక సంఘం మ్యూజియం చూడండి. చిన్న ఊళ్లలో ఇవి చాలాచోట్ల వారానికి ఒకటి రెండు రోజులే తెరుస్తారు, ఫోన్ చేసి వెళ్లాలి.

9. ఇంటి కథ కలపడం

ఇది అన్ని పుస్తకాలకీ కుదరదు, బలవంతంగా అతికించొద్దు. నిజంగా సంబంధం ఉంటేనే.

మాకు ఉంది. మా అమ్మ పుట్టిన ఊరు కర్నూలు వైపు, శ్రీశైలం జలాశయంలో మునిగింది. డేనా నుంచి వచ్చిన ఆదివారం రాత్రి, అక్కడ సోమవారం తెల్లవారుతుండగా ఫోన్ చేసి గోతి ఫొటోలు చూపించాం. అమ్మ చాలాసేపు చూసి, "బావి ఉందా అక్కడ?" అని అడిగింది. మా ఊళ్లో అందరి ఇళ్లూ పోయినా మా బావిగట్టు కొన్నాళ్లు కనబడేదని చెప్పింది. వేసవిలో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందని, అప్పుడు మునిగిన ఊళ్లవాళ్లు కూడా వెళ్లి చూస్తారని చెప్పింది. ఇన్నేళ్లలో ఈ మాటలు నాతోనే ఎప్పుడూ అనలేదు. పిల్లలు మూడో గడిలో "అమ్మమ్మ బావి" అని రాసుకున్నారు.

ఫోన్ చేసేముందు పిల్లల చేత రెండు ప్రశ్నలు రాయించండి. "మీ ఊరి గురించి చెప్పు అమ్మమ్మా" అంటే పెద్దవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. "మీ ఇంటి నుంచి నది ఎంత దూరం?" అంటే మాట్లాడతారు.

10. వేరే రాష్ట్రాలకి మొదటి పుస్తకం

అడిగినవాళ్ల ఊళ్లను బట్టి కొన్ని, అన్నీ తొమ్మిదేళ్లు దాటినవాళ్లకి.

కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీకి పామ్ మున్యోజ్ రయాన్ 'ఎస్పెరాంజా రైజింగ్'. 1930లో మెక్సికో నుంచి వచ్చిన అమ్మాయి పొలం కూలీ అవుతుంది. అధ్యాయాల పేర్లు దాదాపు అన్నీ పళ్లు, కూరగాయలే. అది చదివే వారం కిరాణా దుకాణంలో ఉల్లిపాయలు, ద్రాక్ష ఎక్కడివో లేబుల్ చూడమనండి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉంటే లారెన్స్ యెప్ 'డ్రాగన్‌వింగ్స్'. చైనా నుంచి వచ్చిన అబ్బాయి కథ, 1906 భూకంపం అందులో ఉంది. తండ్రి ఒక దేశంలో, కుటుంబం ఇంకో దేశంలో ఉండడం అంటే ఏమిటో మన పిల్లలకి విడిగా చెప్పక్కర్లేదు.

టెక్సస్‌కి జాక్వెలిన్ కెల్లీ 'ద ఎవల్యూషన్ ఆఫ్ కల్పూర్నియా టేట్', 1899 నాటి పత్తి ఊరు. మిషిగన్‌కి క్రిస్టఫర్ పాల్ కర్టిస్ 'బడ్, నాట్ బడీ', 1936లో ఫ్లింట్ నుంచి బయల్దేరిన అనాథ అబ్బాయి.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

ప్రతి పేజీకీ ఆపి వివరించడం. సవరణ: సందేహం వచ్చిన పేజీలో కాగితం ముక్క పెట్టి, చదివాక మాట్లాడండి.

చదవగానే పరీక్ష పెట్టడం. "ఏ సంవత్సరం? ఎవరు?" అంటే రెండో పుస్తకం ముట్టుకోరు. సవరణ: మీకు నిజంగా తెలియని ప్రశ్న ఒకటి అడగండి, కలిసి వెతకండి.

కష్టమైన ఘట్టాలు దాటేయడం. బానిసత్వం, మశూచి, ఊచకోత వచ్చిన పేజీలు రెండు కలిపి తిప్పేస్తాం. పిల్లలు గమనిస్తారు, తర్వాత ఒంటరిగా చదువుతారు. సవరణ: ఆ అధ్యాయం ముందు మీరు చదవండి, రాత్రి కాకుండా పగలు వాళ్లతో చదవండి, పక్కనే కూర్చోండి. ఆ వయసుకి బరువనిపిస్తే పుస్తకాన్నే రెండేళ్లు ఆపండి.

కథలో ఉన్నదంతా నిజమని స్కూల్ ప్రాజెక్టులో రాసేయడం. మా పెద్దదాని విషయంలో ఇది జరిగింది, కల్పిత పాత్రని నిజమైన మనిషిగా రాసి మార్కులు పోగొట్టుకుంది. మూడు గడుల నోట్‌బుక్ పుట్టింది అప్పుడే.

పుస్తకం నచ్చకపోయినా పూర్తి చేయించడం. సవరణ: యాభై పేజీల దాకా చూడండి. అప్పటికీ పట్టకపోతే లైబ్రరీకి తిరిగిచ్చేసి, అదే చోటు మీద బొమ్మల పుస్తకం తెండి, పిల్లలకి పదేళ్లున్నా సరే.